సామాను కొత్తదే, శబ్దం ఎక్కడిది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఒంగోలు. చీమకుర్తి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ పోనూ రానూ నా 2010 డిజైర్ డీజిల్ బండే. లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ముందు వైపు లొడలొడ ఎక్కువైందని పోయిన నెల షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు రెండు వైపులా కొత్తవి వేయించాను. వారం రోజులు బండి బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత రెండు శబ్దాలు మొదలయ్యాయి. చిన్న గతుకుల మీద ఎడమ వైపు టక్ టక్. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు కిర్రుమని సాగే శబ్దం. మొన్న వాన పడిన రోజు కిర్రు లేదు, టక్ టక్ మాత్రం ఉంది. స్టీరింగ్ రాక్ పోయింది, మార్చాలి అంటున్నాడు మెకానిక్. అమ్మేయ్ బావా అంటున్నాడు మా బావమరిది. ఇంట్లో ఆమె మాట సరేసరి. ఏం చేయమంటారు?

సమాధానం:

మాష్టారూ, రాక్ (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే భాగం) జోలికి ఇప్పుడే వెళ్లకండి. అమ్మే సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదువుకోండి. వారం రోజులు శబ్దం లేదు. వచ్చిన శబ్దాలు రెండు, ఒకదానికొకటి పోలిక లేదు. వానకు ఒకటి ఆగింది, ఇంకోటి ఆగలేదు. లెక్కల మాష్టారు కదా, సగం లెక్క చేసే పంపారు.

శబ్దం వస్తే పార్టు మార్చడం, అయినా పోకపోతే ఇంకో పార్టు మార్చడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. షాకర్లు అయ్యాయి, ఆర్ములు అయ్యాయి, రేపు రాక్, ఎల్లుండి ఇంజిన్ మౌంటింగ్. డబ్బు మీది కాబట్టి ఎవరికీ తొందర లేదు. కానీ పని జరిగిన వారానికే కొత్త శబ్దం పుట్టిందంటే ముందు చూడాల్సింది చెయ్యి పడిన చోట్లను. మీరు చెప్పిన పనికి ఒక్కో వైపు ఏమేం విప్పి ఉంటారో ఆలోచించండి. షాకర్ పైన బాడీకి బిగించే నట్లు, కింద చక్రం దగ్గర రెండు పెద్ద బోల్టులు, షాకర్‌కి తగిలించిన బ్రేకు హోస్ క్లిప్పు, లింక్ రాడ్ రెండు నట్లు, ఆర్మును చక్రానికి కలిపే బాల్ జాయింట్ బోల్టు, ఆర్మును ఫ్రేముకు పట్టే బుష్ బోల్టులు. పైగా స్ప్రింగ్‌ను నొక్కి పాత షాకర్ నుంచి తీసి కొత్తదానికి ఎక్కించాలి. ఇన్ని చోట్ల ఒక్కటి అరచుట్టు తక్కువ తిరిగినా చాలు. మొదటి వారం పట్టుకునే ఉంటుంది. రోజూ గతుకులు తగిలే కొద్దీ కూర్చోవాల్సినవి కూర్చుని, వదులు బయటపడుతుంది. మీ బండికి జరిగింది ఇదేనని నా అనుమానం.

శబ్దం ఎక్కడిదో వెతికే ముందు ఒక్క పని మాత్రం రేపు బడికి వెళ్లే ముందే చేయించండి. రెండు వైపులా బాల్ జాయింట్ బోల్టు, షాకర్ కింది రెండు బోల్టులు, టై రాడ్ (రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) నట్లు, చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో స్పానర్ పెట్టి చూడమనండి. లింక్ రాడ్ విరిగినా బండి ఇంటికి వస్తుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడతపడి బండి రోడ్డు మీద కూలబడుతుంది. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. ఎదురుగా రాళ్ల లారీ వస్తున్నప్పుడు ఇలాంటిది జరగకూడదు. ఎక్కువలో ఎక్కువ అరగంట పని. ఇది చూపించకుండా చీమకుర్తి రోడ్డెక్కవద్దు.

ఇప్పుడు టక్ టక్ సంగతి. చిన్న గతుకుల మీద, ఒక పక్కనే, తడికీ పొడికీ తేడా లేకుండా వస్తోంది. అంటే ఇనుము ఇనుముకు తగులుతున్న శబ్దం. నా మొదటి అనుమానం ఎడమ లింక్ రాడ్ మీద. బండి మలుపులో ఒక పక్కకు ఒరిగిపోకుండా ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. దాని కొసను షాకర్‌కి కలిపే జానెడు రాడ్డే లింక్ రాడ్. దానికి రెండు కొసల్లో చిన్న బాల్ జాయింట్లు ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగితే ఆ కడ్డీ మెలి తిరగదు, లింక్ రాడ్‌కు పెద్దగా పని ఉండదు. ఒక చక్రం మాత్రమే గుంతలో పడితేనే దాని మీద బరువు పడుతుంది. మీరే చేయగల పరీక్ష ఇందులోనే ఉంది. ఏదైనా స్పీడ్ బ్రేకర్‌ను మొదట నేరుగా, రెండు చక్రాలూ కలిసి ఎక్కేలా నెమ్మదిగా దాటండి. తర్వాత అదే బ్రేకర్‌ను కాస్త ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకోటి ఎక్కేలా దాటండి. నేరుగా వెళ్తే శబ్దం లేకుండా, ఏటవాలుగా వెళ్తే టక్‌మంటే లింక్ రాడ్ గానీ, ఆ కడ్డీని బండి కింద పట్టుకునే డి-బుష్‌లు గానీ కారణం.

ఎడమే ఎందుకు అంటారేమో. పేర్నమిట్ట దాటాక ఎదురుగా గెలాక్సీ గ్రానైట్ దిమ్మెల లారీ వస్తే మనం ఎటు దిగుతాం? ఎడమ చక్రాలు తారు అంచు దాటి మట్టిలోకి దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. ఆ అంచు దెబ్బలన్నీ ముందు తగిలేది ఎడమ వైపు సామానుకే. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే బండ్లలో ఎడమ వైపు సామాను ముందు అరగడంలో వింత లేదు.

కొత్త లింక్ రాడ్ కదా, అప్పుడే పోతుందా అనుకోవద్దు. పోయి ఉండకపోవచ్చు, బిగిసి ఉండకపోవచ్చు. దాని నట్టు బిగించేటప్పుడు లోపలి బాల్ కూడా నట్టుతో పాటు తిరుగుతుంది. మెకానిక్‌కి నట్టు తిరుగుతున్నట్టే ఉంటుంది, ఇంకాసేపటికి గట్టిపడినట్టూ ఉంటుంది, లోపల మాత్రం బిగువు రాదు. అందుకే ఆ బోల్టు కొసకు అలెన్ కీ పట్టేలా ఒక గుంట గానీ, వెనుక సన్న స్పానర్ పట్టే పలకలు గానీ ఇస్తారు. ఒక చేత్తో దాన్ని కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్టు బిగించాలి. ఎయిర్ గన్ పెట్టి గర్రుమనిపిస్తే అక్కడ పని అయినట్టు కాదు. లోపల ప్లాస్టిక్ రింగు ఉండే నట్టు వస్తే అది ఒక్కసారి వాడకానికే. పాత నట్టే మళ్లీ వేసి ఉంటే కొత్తది అడగండి, పది ఇరవై రూపాయల వస్తువు.

బిగించినా శబ్దం తగ్గకపోతే రెండు వైపులా లింక్ రాడ్లు విప్పించి, కడ్డీ కొసలు దేనికీ తగలకుండా తీగతో కట్టించి, మీ వీధిలోనే ఇరవై, ముప్పై స్పీడు దాటకుండా ఒక చుట్టు తిరగండి. ఒక వైపు మాత్రమే విప్పితే పరీక్ష సరిగా కుదరదు, రెండూ విప్పాలి. మలుపులో బండి కాస్త ఎక్కువ ఒరుగుతుంది, అందుకే హైవే మీదకు వద్దు. టక్ టక్ మాయమైతే దోషి లింక్ రాడో డి-బుషో అని ఖాయం. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని చేయకుండా రాక్ మార్చాలని చెప్పే మాట నేను నమ్మను.

లింక్ రాడ్లు విప్పినా శబ్దం అలాగే ఉంటే షాకర్ తలకాయ దగ్గరకు రావాలి. మీరు రాసిన జాబితాలో షాకర్లు ఉన్నాయి గానీ వాటి పైన కూర్చునే రబ్బరు మౌంటింగ్, దాని బేరింగ్, బంప్ స్టాపర్ (షాకర్ అడుగంటా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు) లేవు. చాలా చోట్ల ఖర్చు తగ్గుతుందని పాతవే ఎక్కించేస్తారు. పదిహేనేళ్ల రబ్బరు మీద కొత్త షాకర్ కూర్చోబెట్టడం ముసలి ఎద్దు పక్కన కుర్ర గిత్తను కాడికి కట్టడమే. పాత షాకర్ మెత్తగా ఉన్నన్నాళ్లూ రబ్బరు ఎలాగో నెట్టుకొచ్చింది. కొత్తది గట్టిగా తన్నేసరికి దానిలో వదులు బయటపడింది. పరీక్ష చాలా తేలిక. బండి నేల మీద నిలబెట్టి బానెట్ ఎత్తండి. షాకర్ పై కొస మీద రబ్బరు మూత ఉంటే తీసి వేళ్లు ఆనించండి. అబ్బాయినెవరినైనా కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమనండి, తర్వాత ఆ వైపు బండిని కిందకు నొక్కి వదలమనండి. వేళ్లకు టక్‌మని తగిలితే అక్కడే. స్టీరింగ్ తిప్పేటప్పుడు స్ప్రింగ్ బిర్రుగా పట్టి ఒక్కసారిగా ఠంగుమని వదిలితే బేరింగ్ పట్టేసినట్టు, లేదా స్ప్రింగ్ కొస దాని గాడిలో కూర్చోనట్టు. చెవి కంటే చెయ్యి నమ్మకమైనది. ఇనుములో శబ్దం ఎక్కడెక్కడికో పాకుతుంది, ఎడమ చక్రం దగ్గర పుట్టింది డాష్‌బోర్డు కింద వినిపిస్తుంది. చేతికి తగిలే దెబ్బ మాత్రం పుట్టిన చోటే బలంగా ఉంటుంది.

షాకర్ నడి నెత్తిన ఉండే పెద్ద నట్టును మాత్రం మీరు ముట్టుకోవద్దు. స్ప్రింగ్ అణచిపెట్టి ఉండేది దానితోనే. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పితే స్ప్రింగ్ ఎగిరి ప్రాణం తీస్తుంది. అది మెకానిక్ చేతి పని.

షాకర్ల గురించి ఇంకో చిన్న మాట. దుకాణంలో పడుకోబెట్టి ఉంచిన కొత్త షాకర్‌లో గాలి నూనె గదిలోకి చేరుతుంది. బిగించే ముందు నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కితే ఆ గాలి పైకి పోతుంది. అలా చేయకపోతే మొదట్లో కొంత దూరం గుబుక్కుమంటుంది, తర్వాత తగ్గిపోతుంది. మీ బండికి మొదటి వారం బాగుండి తర్వాత శబ్దం వచ్చింది కాబట్టి ఇది కారణం కాకపోవచ్చు.

రెండో శబ్దం, ఆ కిర్రు. నాకు ఎక్కువ ఆసక్తి దీని మీదే. ఎందుకంటే మన గ్యారేజీల్లో రోజూ జరిగే పొరపాటు ఇది, చాలామంది మంచి మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. వాన పడితే ఆగింది అన్నారు. తడి తగిలితే ఆగే కిర్రు రబ్బరుది. మీ బండిలో కొత్త రబ్బరు లోయర్ ఆర్ము బుష్‌లలో ఉంది.

బుష్ అంటే బయట ఇనుప గొట్టం, లోపల ఇంకో ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బండి ఫ్రేముకు కదలకుండా పట్టేస్తుంది. ఆపైన ఆర్ము పైకీ కిందకీ ఊగితే గొట్టం తిరగదు, మధ్య రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఇప్పుడు చూడండి, మెకానిక్ బండిని జాకీ మీద గానీ రెండు స్తంభాల లిఫ్టు మీద గానీ ఎత్తి పని చేస్తాడు. చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి, ఆర్ము కిందకు వంగి ఉంటుంది. ఆ వంగిన స్థితిలోనే బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తాడు. బండి కిందకు దించగానే బరువుకు ఆర్ము పైకి లేస్తుంది, రబ్బరు మెలి పడుతుంది. బండి మీ ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలి అలాగే ఉంటుంది. గతుకులో ఇంకాస్త మెలి. అందుకే కిర్రు. ఇలా వదిలేస్తే ఏళ్ల తరబడి రావాల్సిన బుష్ నెలల్లో చిరిగిపోతుంది. అప్పుడు డూప్లికేట్ సామాను ఇచ్చాడని దుకాణం వాడిని తిట్టుకుంటాం.

అవునో కాదో తేల్చడానికి ఒక సీసాడు నీళ్లు చాలు. బండి నిలబెట్టి ఎవరైనా ముందు భాగాన్ని నొక్కి వదులుతుంటే కిర్రు వినిపిస్తుందేమో చూడండి. వినిపిస్తే ఆ వైపు ఆర్ము బుష్‌ల మీద నీళ్లు కొట్టి మళ్లీ నొక్కండి. ఆగిందా, అక్కడే. ఆగకపోతే కడ్డీ డి-బుష్‌ల మీద కొట్టి చూడండి. ఒక్కో చోట తడుపుతూ పోతే అసలు చోటు దొరుకుతుంది. దయచేసి నీళ్లతోనే చేయండి. సర్వీసింగ్‌లో బండి కింద పాత ఇంజిన్ ఆయిలో డీజిలో కొట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది, తుప్పు పట్టదని చెబుతారు. మామూలు రబ్బరుకు అది పడదు, ఉబ్బి మెత్తబడుతుంది. కిర్రు నాలుగు రోజులు ఆగుతుంది, తర్వాత బుష్షే పోతుంది. ఈసారి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కింద ఆయిల్ కొట్టవద్దని ముందే చెప్పండి.

దీన్ని సరిచేయడానికి కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు, బుష్ ఇంకా చిరగకపోతే. రెండు వైపులా ఆర్ము బుష్ బోల్టులు వదులు చేసి, బండి తన నాలుగు చక్రాల మీద తన బరువుతో నిలబడి ఉండగా, ముందు భాగాన్ని రెండు మూడు సార్లు నొక్కి వదిలి, ఆ తర్వాత బిగించాలి. అంతే. చిక్కల్లా చక్రాలు నేల మీద ఉండగా కిందకు వెళ్లి పని చేయడం ఎలా అన్నదే. దానికి వీల్ అలైన్‌మెంట్ సెంటర్ సరైన చోటు. అక్కడ బండి పిట్ మీదో, పలకల ర్యాంపు మీదో చక్రాలతోనే నిలబడి ఉంటుంది. మనిషి కింద నిలబడి తీరిగ్గా బోల్టులు బిగించవచ్చు. ఆర్ములు మార్చాక అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాలి. చేయించినట్టు మీరు రాయలేదు. చేయించకపోయి ఉంటే ఒక పనిలో రెండు పనులు. వరస మాత్రం గుర్తుంచుకోండి, ముందు బుష్ బోల్టులు, తర్వాతే అలైన్‌మెంట్. బోల్టులు కదిలిస్తే కొలత మారుతుంది కదా. ఇంట్లోనే చేద్దామని జాకీ ఒక్కదాని మీద బండిని నిలబెట్టి కింద దూరే సాహసం మాత్రం చేయకండి.

ఇంక రాక్. అది పోదని నేననను. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండిలో రాక్ వదులు కావచ్చు. అయితే దాని దెబ్బ స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. మీ ఉత్తరంలో చేతికి తగులుతోందని ఎక్కడా లేదు. అయినా చూపించుకోండి. బండి నేల మీదే ఉంచి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ గబగబా కదుపుతుంటే, మెకానిక్ టై రాడ్ కొసల మీద, రాక్ లోపలి కొస మీద, రాక్‌ను ఫ్రేముకు పట్టే బోల్టుల మీద చెయ్యి పెట్టి చూడాలి. తర్వాత ముందు చక్రం ఎత్తి, రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు, పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ గానీ చక్రం బేరింగ్ గానీ వదులు తెలుస్తుంది. రాక్ పోయిందన్నవాడు ఈ ఊపు మీ కళ్లతో మీకు చూపించాలి. చూపించలేకపోతే మార్చకండి.

సస్పెన్షన్‌తో సంబంధం లేనివి కూడా టక్‌మంటాయి. గతుకుల మీద వెళ్తూ బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించండి, శబ్దం ఆగితే అది బ్రేకు ప్యాడ్లదో క్యాలిపర్‌దో. ఫస్ట్ గేరు నుంచి రివర్స్‌కు మార్చి క్లచ్ వదిలినప్పుడు ధబ్‌మంటే ఇంజిన్ మౌంటింగ్. షాకర్‌కి తగిలించాల్సిన బ్రేకు హోస్ క్లిప్పు తగిలించారో లేదో ఒకసారి తొంగి చూడండి. డిక్కీలో జాకీ, పానా వదులుగా పడేసి ఉంటే తీసి ఇంట్లో పెట్టి తిరిగి చూడండి. నవ్వకండి, నెలల తరబడి సస్పెన్షన్ అనుకుని తిరిగిన శబ్దం జాకీది అయిన సందర్భాలు గ్యారేజీల్లో కొల్లలు.

మీ మెకానిక్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. పని చెడగొట్టావంటే ఎవరైనా రాక్ వైపే చెయ్యి చూపిస్తారు. నువ్వు వేసిన సామాను బాగుంది, బిగింపు ఒకసారి నేల మీద పెట్టి చూద్దాం అనండి, పక్కన కూర్చోబెట్టుకుని సంతనూతలపాడు దాకా తీసుకెళ్లి శబ్దం వినిపించండి. డ్రైవింగ్ అతనికే ఇచ్చి మీరు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది, అద్దాలు దించి ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా పోతే గోడకు తగిలి శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. మౌంటింగులు మార్చాల్సి వస్తే రెండు వైపులా మార్పించండి, తీసిన పాత సామాను అడిగి చూడండి. అప్పటికీ తేలకపోతే ఒంగోల్లోనే సస్పెన్షన్ పని మాత్రమే చేసేవాళ్ల దగ్గరకు గానీ, నెల్లూరు ఆటోనగర్‌కి గానీ వెళ్లండి. వెళ్లేటప్పుడు ఈ పరీక్షల్లో ఏది చేస్తే ఏమైందో కాగితం మీద రాసుకుని వెళ్లండి, వాళ్లు మళ్లీ మొదటి నుంచీ వెతకక్కర్లేకుండా ఉంటుంది.

బావమరిది గారి సలహా. టక్ టక్ మంటున్న బండిని అమ్మితే కొనేవాడు రాక్, ఆర్ములు, షాకర్లు అన్నీ పోయాయని లెక్కేసి బేరం ఆడతాడు. మీరు నెల క్రితం పెట్టిన డబ్బంతా అతనికి కట్నం ఇచ్చినట్టే. ఇంకో విషయం, 2010లో రిజిస్టర్ అయిన సొంత కారుకు ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. అది దాటాక ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మీది అయిందో లేదో కాగితాలు తీసి చూడండి. కాకపోయి ఉంటే ఈ శబ్దాల పని ముందు ముగించుకుని వెళ్లండి, స్టీరింగ్ వదులు, సస్పెన్షన్ ఆ పరీక్షలో కూడా చూస్తారు. రెన్యువల్ అయి, నిశ్శబ్దంగా తిరిగే డిజైర్‌కు వచ్చే ధర వేరు. అప్పుడు కూడా అమ్మాలనిపిస్తే అమ్మండి. ఒకవేళ కొనేది బావమరిదే అయితే, తన మాటలో తొందర ఎందుకుందో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.